డాక్టరు విలియం రాక్సుబర్గుగారి జీవితము

గత మాఘమాసమున మా పాఠశాల స్కౌటు బాలురతో గూడ మేము మందసకు పైనున్న కొండల యడుగున రెండు దినములు గుడారములు వేసికొని యుంటిమి. పగలు కొండత్రోవలబడి నడచుట, సాయంకాలము వంట చేసికొనుట, రాత్రి నెగడు చుట్టును గూర్చుండి కథలు చెప్పుకొనుట మా కార్యక్రమము. మొదటి రాత్రి మాలో నొకరు అమెరికా దేశములోని కాలిఫోర్నియాయందలి ఎఱ్ఱమాను అడవులను గూర్చి చెప్పిరి. ఆ చెట్లలో నూఱు మీటర్లకు మించిన యెత్తు గలవి యున్నవనియు, రెండువేల యేండ్లు బ్రదికినవియు గలవనియు, ఆ వనములను ప్రభుత్వమువారు ఉద్యానములుగా గాపాడుచుండగా దూరదేశములనుండి జనులు వచ్చి వాని నీడను గుడారములు వేసికొని, కాలినడకను దిరిగి చూచి పోవుదురనియు వినినంతనే బాలురు అబ్బురపడిరి. వారిలో నొకడు లేచి, అయ్యా, మన దేశమున ఎఱ్ఱమాను లేదా యని యడిగెను.

ఆ ప్రశ్నకు నాటి రాత్రి మేము సరియైన ప్రత్యుత్తర మీయజాలకపోతిమి. మఱునాడు మాకు త్రోవ చూపిన సవర పెద్ద ప్రతి చెట్టుకడ నిలిచి దాని పేరును, దాని యాకు దేనికి బనికివచ్చునో, దాని కఱ్ఱ యెట్టిదో చెప్పుచు నడచెను. పట్టణమున జదువుకొన్న మాకు పది చెట్ల పేర్లైనను నిలుకడగా రావయ్యెను. ఇది మాకు సిగ్గు కలిగించెను. ఇంటికి వచ్చిన పిదప గ్రంథములను వెదకగా ఆ బాలుని ప్రశ్నకు జవాబు దొరకెను. మన దేశమునను ఎఱ్ఱమాను గలదు. అది కాలిఫోర్నియా చెట్టువంటిది కాదు. దాని జాతి వేఱు, కులము వేఱు. వేపచెట్టు కుటుంబములోనిది. ఆంగ్లేయులు దానిని ఇండియన్ రెడ్‌వుడ్ అని పిలుతురు. మన తెలుగువారు దానిని సోమిద యందురు. దానిని మొదట శాస్త్రరీతిగా వర్ణించి లోకమునకు దెలిపిన వాడు మన యుత్తర సర్కారులలోనే పండ్రెండేండ్లు కాపురముండిన యొక వైద్యుడు. ఆయనయే డాక్టరు విలియం రాక్సుబర్గుగారు. భారతదేశ వృక్షశాస్త్రమునకు తండ్రియని పెద్దలచే బిలువబడిన యీయన జీవితమును మన బాలబాలికలకు సంగ్రహముగా దెలుపుటకై యీ వ్యాసము వ్రాయబూనితిమి.

రాక్సుబర్గుగారు 1751 వ సంవత్సరమున స్కాట్లండులోని ఎయిర్‌షైరు మండలమున క్రేగీ యను చోట జన్మించెను. యౌవనమున ఎడింబరో నగరమునకు బోయి వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున వైద్యుడగువానికి మొక్కల జ్ఞానము విధిగా నుండవలెను. ఏలయన మందులలో బెక్కు మొక్కలనుండి పుట్టినవే. అచట వృక్షశాస్త్రము బోధించుచుండిన జాను హోపు పండితుడు స్వీడను దేశస్థుడైన లిన్నేయసు ఏర్పఱచిన క్రొత్త పద్ధతిని శిష్యులకు నేర్పెను. ప్రతి మొక్కకును రెండు మాటల లాటిను పేరు పెట్టుట, పూవులోని కేసరములను లెక్కించి దాని వర్గమును నిర్ణయించుట యీ పద్ధతిలోని ముఖ్యాంశములు. ఈ గురుని కడ నేర్చిన విద్యయే రాక్సుబర్గుగారికి జీవితాంతమును దారి చూపెను.

చదువు ముగిసిన పిదప ఆయన ఈస్టిండియా కంపెనీవారి యోడలలో వైద్యునకు సహాయుడుగా గొన్ని ప్రయాణములు చేసి, 1776 లో చెన్నపట్టణపు వైద్యోద్యోగమున జేరెను. చేరినది మొదలు ఆయనకు ఖాళీగా గూర్చుండుట తెలియదు. సెయింటు జార్జి కోటలో దినమునకు మూడు మారులు వాతావరణ మానములను జూచి, వేడిమియు, గాలి యొత్తిడియు, గాలి వీచు దిక్కును, వానయు వ్రాసిపెట్టెడివాడు. ఈ దినచర్య లండనులోని రాయలు సొసైటీవారి పత్రికలో ముద్రింపబడెను. ఇది చిన్నపనివలె దోచును. కాని ప్రతిదినము నొకే వేళ నొకే పనిని విసుగులేక చేయువాడే పిమ్మట పెద్దపనికి దగినవాడగునని యీ మహనీయుని చరిత్ర మనకు దెలుపుచున్నది. ఆకాశమును గనిపెట్టి వ్రాసికొన్న యీ యలవాటు పదునైదేండ్ల పిదప కఱవు కాలమున నెట్లుపయోగపడెనో ముందు చెప్పెదము.

1781 లో ఆయన సామర్లకోటకు వచ్చెను. అది కాకినాడకు సమీపమున, పెద్దాపురమునకు జేరువను నుండిన దండు విడిదిస్థలము. రాక్సుబర్గుగారు అచట దండునకు వైద్యుడు. ఉదయమున రోగులను జూచుట, తక్కిన కాలమంతయు మొక్కలను జూచుట. ఒకవైపున గోదావరి ముఖద్వారములును, ఉప్పునేలలును, మడ యడవులును; మఱియొకవైపున రాజమహేంద్రవరపు సర్కారు కొండలును, వాని యెండుటడవులును. ఇన్ని విధములైన నేల యొక్కచోట దొరకుట వృక్షశాస్త్రజ్ఞునకు నిధి దొరకినట్లే. నేడు మన మొక దినమున రైలు మీదను మోటారు మీదను బోవుదూరము ఆ దినములలో పల్లకీలమీదను, గుఱ్ఱములమీదను, కాలినడకను గడచుటకు గొన్ని దినములు పట్టెడిది. త్రోవలు లేని చోట గుడారమే యిల్లు. కొండలలో మన్యపు జ్వరము ప్రాణాపాయకరమై యుండెను. అట్టి చోట్లనుండియు ఆయన మొక్కలు సంపాదించెను.

ఈ కాలమున ఆయనకు మంచి స్నేహితుడొకరు లభించెను. ఆయన జాను గెరార్డు కోనిగు. ఈయన లిన్నేయసునకు స్వయముగా శిష్యుడు. 1768 లో తరంగంబాడి డేనిషు మిషనుకు వైద్యుడుగా వచ్చి, మిషనరీ మిత్రులతో గలిసి దక్షిణదేశపు మొక్కలను సేకరించినవాడు. మిషను వైద్యుడు తన కెఱిగినదంతయు రాక్సుబర్గుగారికి దాచక నేర్పెను. 1785 లో కోనిగుగారు ఉత్తరదేశమునకు బోవుచు కాకినాడను జేరియున్న జగన్నాథపురమున రోగపడి మరణించెను. ఆ తుదిదినములలో దగ్గఱనుండి వైద్యము చేసినవాడు రాక్సుబర్గుగారే. గురువును బోలిన మిత్రుడు పోయెను. ఆయన విడిచిన పని మాత్రము శిష్యుని మీద బడెను. కోనిగు తరువాత కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడై విశాఖపట్టణముననుండి పాములను గూర్చి గ్రంథము వ్రాసిన పాట్రికు రస్సెలుగారు స్వదేశమునకు మరలిన పిమ్మట ఆ యుద్యోగమును రాక్సుబర్గుగారికే లభించెను.

అయితే అంతకు ముందొక ఘోరవిపత్తు సంభవించెను. 1787 మే నెలలో గోదావరి ముఖమున గొప్ప తుపాను కొట్టి, సముద్రము పొంగి కోరంగి, ఇంజరము ప్రాంతములను ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్సుబర్గుగారు అంతవఱకు కూర్చుకొన్న పుస్తకములు, వ్రాతప్రతులు, ఎండబెట్టి దాచిన మొక్కలు నీటిపాలయ్యెను. పదునొకండేండ్ల శ్రమ యొక్క దినమున నశించెను. మన యుద్దానపు వారికి ఈ దుఃఖమెట్టిదో చెప్పనక్కఱలేదు. 2018 అక్టోబరు 11 వ తేదీని తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినపుడు, తాతముత్తాతలు నాటిన కొబ్బరిచెట్లును, జీడితోటలును ఒక రాత్రిలో నేలగూలుటను మనము కన్నులార జూచితిమి. కూలిన తోట మధ్య నిలిచిన రైతు మఱునాటి యుదయమున నేమి చేయవలెను? రాక్సుబర్గుగారు చేసినది యిది: మొదటి మొక్కనుండి మరల ఆరంభించెను.

ఈమాఱు ఆయన మునుపటికంటె స్థిరమైన పద్ధతి నవలంబించెను. ఎండిన మొక్క పురుగుపట్టును, తడిసిన కుళ్లును, రంగు పోవును. కావున సజీవమైన మొక్కను దెప్పించి, ఎదుటబెట్టి, దాని నున్నదున్నట్లు చిత్రము వ్రాయించుటకు మన దేశపు చిత్రకారులను జీతమిచ్చి నియమించెను. ఆకు, పూవు, కాయ, గింజ, పూవులోని కేసరములు విడివిడిగా జూపబడెను. ప్రతి చిత్రమునకును తాను స్వయముగా వర్ణన వ్రాసి, మొక్కకు లాటిను పేరుతో గూడ తెలుగు పేరునుగూడ జేర్చెను. 1794 నాటికి ఇట్టి చిత్రములు ఐదువందలు లండనునకు జేరెను. వానిలో మూడువందలను సర్ జోసెఫు బ్యాంక్సుగారు ఎన్నిక చేయగా, కోరమండలు తీరపు మొక్కలు అను పేర మూడు పెద్ద సంపుటములు 1795 మొదలు 1820 వఱకు వెలువడెను.

ఆ సంపుటములలో మన కెఱుకపడిన చెట్లెన్ని యున్నవో చూడుడు. బీడీయాకు నిచ్చు తుమికి, కొండవారి యాహారమగు ఇప్ప, మిక్కిలి పొడవుగా బెరుగు పెద్దమాను, పనిముట్లకును సామానులకును బేరుగన్న జిట్టేగి, వీనికెల్లను శాస్త్రీయమైన పేరు పెట్టినవాడు రాక్సుబర్గుగారే. మఱియు మోదుగ! పలాశమనగా సంస్కృతమున మోదుగయే గదా. మన పట్టణపు పేరునందు వినబడు చెట్టిది. ఫాల్గుణమున ఆకులన్నియు రాల్చి, అడవి మంటలంటుకొన్నదా యనునట్లు పూయు నీ చెట్టునకు ఆయన వృక్షశాస్త్రాభిమానియైన బ్యూటు ప్రభువు పేర బ్యూటియా యని జాతినామ మిచ్చెను. ఇప్పటికిని ప్రపంచమందంతటను మోదుగకు శాస్త్రజ్ఞులలో నదియే పేరు.

ఇక సోమిద సంగతి. రాజమహేంద్రవరపు సర్కారు కొండ ప్రాంతములయందు ఈ చెట్టు పెరుగుచుండుటను రాక్సుబర్గుగారు గమనించిరి. నిలువుగా బెరిగిన మాను, గరుకైన బెరడు, లోన మందమైన యెరుపు రంగు గల బరువైన చేవ. ఈ కఱ్ఱ చెదలకు లొంగదనియు, చిరకాలము చెడక నిలుచుననియు జనులు నమ్మి దేవాలయముల నిర్మాణమున వాడుచుండిరి. దాని బెరడు మిక్కిలి చేదు. జ్వరములకు మందుగా వాడుటకు దగినదని ఆయన కనిపెట్టిరి.

ఆ మాటకు ఆ కాలమున నెంత విలువయో నేటి బాలురకు దెలియుట కష్టము. చలిజ్వరమునకు అప్పుడు ప్రపంచమునందు నమ్మదగిన మందు ఒక్కటియే. అది దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు సింకోనా చెట్టు బెరడు. అది సముద్రములు దాటి రావలెను, వెల యెక్కువ, కల్తీ యెక్కువ. మన కొండ పల్లెలలో జ్వరముతో వణకుచున్న పేదకు అది యందుట కల్ల. ఇంటిముందటి యడవిలోనే దానికి బదులు దొరకినచో నెన్ని ప్రాణములు దక్కును! ఈ యాశతో రాక్సుబర్గుగారు సోమిద బెరడును ఎడింబరోకు బంపిరి. 1794 లో అచట ఆండ్రూ డంకను అను యువవైద్యుడు ఈ బెరడును గూర్చియే తన పట్టపరీక్షా వ్యాసమును వ్రాసెను. రాక్సుబర్గుగారు ఆ చెట్టును జ్వరహారిణి యను నర్థము వచ్చు లాటిను పేరుతో వర్ణించిరి. 1830 లో జుస్యూ అను ఫ్రెంచి పండితుడు దానిని ప్రత్యేకజాతిగా నేర్పఱచి, ఆ జాతికి మన తెలుగు మాటనే, సోయిమిదా యని, పేరుగా నుంచెను. గోదావరి మండలపు పల్లెజనుల నోటి మాట లాటిను గ్రంథములయందు శాశ్వతముగా నిలిచినది.

ఆయన యాశ పూర్తిగా నెరవేరలేదని చెప్పుట సత్యము. సోమిద బెరడు చేదుమందే; కాని చలిజ్వరమును మూలముతో బెకలించు శక్తి సింకోనాకువలె దానికి లేదు. 1820 లో సింకోనానుండి క్వినైను వేఱు చేయబడిన పిమ్మట సోమిదను వైద్యులు క్రమముగా మఱచిరి. 1897 లో సికింద్రాబాదున రొనాల్డు రాసుగారు దోమవలన నీ జ్వరము వ్యాపించుటను గనుగొనిరి. అట్లైనను, దగ్గఱనున్న చెట్టును శ్రద్ధతో బరీక్షించి, తనకు దోచినదానిని ఇతరులు పరీక్షించుటకు బంపి, తప్పు తేలునను భయము లేక నిలిచిన రాక్సుబర్గుగారి మార్గమే శాస్త్రమార్గము. ఒక పరీక్ష విఫలమగుటవలన ఆ మార్గమునకు దోషము రాదు.

ఆయన సామర్లకోటలో తోట వేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు మున్నగు పైరులను బెంచి చూచెను. రాజమహేంద్రవరపు సర్కారులో మన రైతులు చెఱకు పండించి బెల్లమును పంచదారను జేయు విధమును వివరముగా వ్రాసెను. ఈ పనులలో గంపెనీవారి లాభాపేక్ష ముఖ్యముగా నుండెననుట నిజము. మిరియపు తోట ఆశించిన ఫలము నీయలేదు. కాని 1790 ప్రాంతమున వచ్చిన కఱవు ఆయన దృష్టిని మఱియొక వైపునకు ద్రిప్పెను.

వరుసగా వానలు తప్పెను. గంజాము మొదలు గోదావరి వఱకు సర్కారులు కఱవున బడెను. అప్పటికి మన టెక్కలి, పలాస ప్రాంతము శ్రీకాకుళపు సర్కారులోనిది. తరువాత గంజాము జిల్లాలో జేరి, 1936 లో విశాఖపట్టణము జిల్లాలోనికి వచ్చి, 1950 లో శ్రీకాకుళము జిల్లా యైనది. ఈ తీరమంతయు ఆ కఱవు దెబ్బ తినెను. వాతావరణమును వ్రాసిపెట్టు నలవాటుగల రాక్సుబర్గుగారు, ఇట్టి యనావృష్టి ఇంతకుముందును వచ్చినదా యని విచారించిరి. పిఠాపురపు రాజుగారి మూలమున, ఒక బ్రాహ్మణ కుటుంబమున నిలిచియున్న నూఱేండ్ల క్రిందటి కఱవు వృత్తాంతమును సంపాదించిరి. కఱవు మరల మరల వచ్చునదియేయని ఆయనకు దృఢమయ్యెను. వచ్చునదని తెలిసిన యాపదకు ముందే సిద్ధపడవలదా?

కావున ఆయన కంపెనీవారికి వ్రాసి, వరి చెడిన యేటను గాయగల చెట్లను ఊరూరను, కాలువల గట్లను, తీరమునను నాటింపుడని కోరెను. కొబ్బరి, తాడి, ఈత, పనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు మున్నగువాని పేర్లను జెప్పెను. వరి యొక వాన తప్పిన మాడును. చెట్టు వేళ్లు లోతున నీటిని వెదకికొనును. ఒకసారి నాటిన తరతరములు కాయును. ఇదియే ఆయన వాదము. ఉద్దానపు తోటలు ఆయన చెప్పుటచేత వెలసినవని మేము చెప్పుట లేదు. ఇసుకనేలను కావిళ్లతో నీరు మోసి కొబ్బరిని, పనసను, మామిడిని పెంచినవారు మన రైతులే. జీడిమామిడి బ్రెజిలు దేశమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చి మన నేలను బలపడినది. అయినను కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు గ్రామములలో ఇంటింటి పెరటిని జూచినచో, ఆయన కాగితముమీద గోరినది మనవారు నేలమీద సాధించిరని తోచకపోదు. తుపానులో చెట్టు కూలిన యేట ఉద్దానమెంత దీనమైనదో చూచినవారికి, చెట్టు ఇచ్చు నన్నమెంతటిదో ఎవరును వేఱుగా జెప్పనక్కఱలేదు.

1793 లో ఆయన జీవితమున మార్పు కలిగెను. కలకత్తా తోటను స్థాపించిన కర్నలు రాబర్టు కిడ్డుగారు మరణించుటచే, ఆ స్థానమునకు రాక్సుబర్గుగారు నియమింపబడిరి. సామర్లకోట తోటకు తరంగంబాడినుండి వచ్చిన మొరేవియను మిషనరీ బెంజమిను హైనుగారు అధికారి యయ్యెను. కలకత్తాయందు హుగ్లీ యొడ్డున శిబ్‌పూరు తోటలో రాక్సుబర్గుగారు ఇరువదేండ్లు పనిచేసిరి. ఆయన వచ్చునాటికి ఇంచుమించు మూడువందల రకములున్న తోట, ఆయన విడుచునాటికి మూడువేల అయిదువందల రకములకు నిలయమయ్యెను. మన దేశపు చిత్రకారులచే ఆయన వ్రాయించిన చిత్రములు మొత్తము రెండువేల అయిదువందలకు మించినవి. అవి నేటికిని కలకత్తా తోటలోను, ఇంగ్లండులోని క్యూ తోటలోను భద్రముగా నున్నవి.

ఇచ్చటనే ఆయనకు డాక్టరు విలియం కేరీగారితో మైత్రి కుదిరెను. శ్రీరామపురమున మిషను స్థాపించి, దేశభాషలలో బైబిలును ముద్రించిన కేరీగారి పేరు మన పాఠశాలలో వినని బిడ్డ యుండడు. కాని ఆ మిషనరీకి మొక్కలనిన నెంత ప్రీతియో చాలమందికి దెలియదు. చెప్పులు కుట్టి బ్రదికిన బాల్యమునుండియు ఆయన పూలతోట వీడలేదు. శ్రీరామపురమున స్వయముగా తోట పెంచి, రాక్సుబర్గుగారితో గింజలును మొక్కలును మార్చుకొనుచుండెను. స్నేహచిహ్నముగా రాక్సుబర్గుగారు మన కొండలలో బెరుగు కుంభి చెట్టు జాతికి కేరియా యని పేరుంచిరి. 1814 లో కలకత్తా తోట మొక్కల పట్టికను శ్రీరామపురపు మిషను అచ్చుకూటమున కేరీగారు ముద్రించిరి.

ఇరువదేండ్ల ఎండయు, జ్వరమును రాక్సుబర్గుగారి దేహమును గృశింపజేసెను. 1813 లో ఆరోగ్యముకొఱకు ఓడయెక్కి, కేపు మీదుగా సెయింటు హెలీనా దీవికి బోయెను. రోగియై విశ్రాంతికి బోయిన ఆయన ఆ దీవిలోనేమి చేసెననుకొందురు? అచటి మొక్కల నన్నిటిని జూచి పట్టిక వ్రాసెను. పిమ్మట స్కాట్లండు చేరి, 1815 లో ఎడింబరోలో గాలధర్మము నొందెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికయందు ఆయన సమాధి గలదు.

ఆయన జీవితకృషియంతయు గూర్చిన ఫ్లోరా ఇండికా గ్రంథము అప్పటికి అచ్చు కాలేదు. వ్రాతప్రతిని కేరీగారు స్నేహధర్మముగా గాపాడి, శ్రీరామపురమున 1820 లోను 1824 లోను రెండు సంపుటములు వెలువరించిరి. 1832 లో మూడు సంపుటముల గ్రంథము పూర్తిగా వెలువడెను. కోనిగు విడిచిన పనిని రాక్సుబర్గుగారు పూనిరి. రాక్సుబర్గుగారు విడిచిన దానిని కేరీగారు ముగించిరి. మంచి పని యొక్కని చేతిలో ముగియదు; చేతినుండి చేతికి బోవును.

ఈ మహనీయుని గొప్పతనమును జెప్పుచు ఒక్క సంగతి మఱచుట న్యాయము కాదు. ఆయన గ్రంథములకు బ్రాణమైన చిత్రములను వ్రాసిన మన చిత్రకారుల పేర్లు ఆ చిత్రములమీద గానరావు. చెట్టును జూపి, పేరు చెప్పి, దాని గుణమును దెలిపిన కొండవారి పేర్లును, చెఱకు పండించు విధమును వివరించిన రైతు పేరును లోకమునకు దెలియవు. సోమిద యను మాటను రాక్సుబర్గుగారు కల్పించలేదు. ఎవరో యొక తెలుగువాడు ఆ చెట్టుక్రింద నిలిచి ఆయనకు జెప్పెను. ఆ యజ్ఞాతునికిని ఈ కీర్తిలో భాగము గలదు. అయితే రాక్సుబర్గుగారి యందలి విశేషమేమనగా, చెప్పిన మాటను ఆయన చెవియొగ్గి వినెను, విని వ్రాసిపెట్టెను.

బాలబాలికలారా, మా శిబిరమున త్రోవ చూపిన సవర పెద్దను మరల దలచుకొనుడు. ఆయన యెఱిగిన పేర్లను మనమిప్పుడు విని వ్రాసికొననిచో, ఆయనతోనే కొన్ని పేర్లు పోవును. పేరు పోయిన చెట్టును నఱకుటకు ఎవనికిని జంకు కలుగదు. కావున రాబోవు సంవత్సరమున శిబిరమునకు వచ్చు ప్రతి విద్యార్థియు ఒక చిన్న పుస్తకమును దెచ్చుకొనవలెనని మేము నిశ్చయించితిమి. నడచిన దారిలో గనబడిన ప్రతి చెట్టు పేరును ఆ యూరివారినడిగి వ్రాయవలెను. చెప్పినవారి పేరునుగూడ, వారు సమ్మతించినచో, ప్రక్కనే వ్రాయవలెను. రెండువందల యేండ్ల క్రిందట జరిగిన లోపమును మనము మరల జేయగూడదు. కొమ్మ విఱువగూడదు, నెగడు నార్పక లేవగూడదు, తెచ్చిన కాగితమును, సీసాను అడవిలో విడువగూడదు.

తల్లిదండ్రులకును మాదొక మనవి. ఉద్దానమున 2018 లో పోయిన చెట్లకు బదులు నాటిన మొక్కలు మీ పెరడులయందు నేడు బాల్యావస్థలో నున్నవి. కొబ్బరి తెంపుటకు, జీడిపిక్క లేరుటకు పిల్లలను దీసికొనిపోవునపుడు, ఏ చెట్టును ఎవరు నాటిరో, ఏ తుపానున నేది పడెనో వారికి జెప్పుడు. అదియు వృక్షశాస్త్రమే.

మన యెఱ్ఱమాను కాలిఫోర్నియా మానువలె ఆకసమును దాకకపోవచ్చును. దాని క్రింద లోకులు వచ్చి గుడారములు వేయకపోవచ్చును. కాని దాని పేరు మన భాషలోనిది. దాని నీడ మన కొండలది. వచ్చు మాఘమాసమున ఆ ప్రశ్న యడిగిన బాలుని వెంటబెట్టుకొని, త్రోవ తెలిసిన పెద్దల సాయమున దానిని వెదకబోవుదుము. దొరకినచో వచ్చు సంవత్సరపు సంచికలో మా చదువరులకు దెలిపెదము.